కాళ్ళకు పోసిన నీళ్ళు

లింగం కువైట్‌కు వచ్చి పంతొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళలో అతను చూసినన్ని ఇళ్ళ గోడలు, ఆ ఇళ్ళు కట్టించుకున్నవాళ్ళు కూడా చూసి ఉండరు. పైకి కనిపించే రంగుల గోడలు కావు, రంగు వెనక సిమెంటు, సిమెంటు వెనక పైపు. జగిత్యాల పక్క ఊళ్ళో బోరు మోటార్లు పైకి లాగి బాగుచేసే పని వదిలి, షువైఖ్‌లోని ఒక రిపేర్ల కంపెనీలో ప్లంబరుగా చేరాడు. ఉండేది రిగ్గైలో, ఆరుగురు పడుకునే గదిలో. అందులో కిటికీ పక్క మంచం అతనిది. ఆ మంచం దక్కడానికే పదకొండేళ్ళు పట్టింది. వయసు యాభై ఒకటి. మోకాళ్ళు అరిగాయి గానీ చెవి అరగలేదు. గోడకు చెవి ఆనించి నీళ్ళు ఎటు పోతున్నాయో చెప్పేవాడు. గదిలో వాళ్ళు "గోడలతోని మాట్లాడుతడు మా లింగన్న" అని నవ్వేవాళ్ళు.

అలాంటివాడికి సుర్రాలోని ఒక విల్లా ఆ చలికాలం నిద్ర లేకుండా చేసింది.

కువైట్‌లో ఇంటికి వేడి పెట్టుకోవడమేమిటని మనకు అనిపిస్తుంది. ఎండాకాలం పైట్యాంకు నీళ్ళు ఒంటి మీద పోసుకుంటే బొబ్బలెక్కే ఊరు. కానీ జనవరి తెల్లవారుజామున అవే ట్యాంకు నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. అందరూ కరెంటు హీటరొకటి కొనుక్కుని కాళ్ళ దగ్గర పెట్టుకుంటారు. ఈ విల్లా యజమాని మాత్రం వయసులో ఏదో చలిదేశంలో చదువుకుని వచ్చాడట. ఇరవై ఏళ్ళ కిందట ఇల్లు కట్టేటప్పుడే గోడల్లో ఇనుప పైపులు వేయించుకున్నాడు. మిద్దె మీద ఒక బాయిలరు. అందులో కాగిన నీళ్ళు గది గదికీ పోయి, గోడకు బిగించిన ఇనుప పెట్టెల్లో తిరిగి, గదిని వెచ్చబెట్టి, మళ్ళీ బాయిలరుకు వస్తాయి. ఆ నీళ్ళు తాగడానికి కాదు, స్నానానికీ కాదు. ఒకసారి నింపితే ఏళ్ళ తరబడి అవే నీళ్ళు తిరుగుతూ ఉండాలి. పదకొండు గదులకూ ఆ వెచ్చదనం ఉంది. మిద్దె మీద బాయిలరు గదిని ఆనుకుని ఉన్న పనిమనిషి గదికి మాత్రం లేదు.

డిసెంబరు మొదట్లో మగవాళ్ళు కూర్చునే పెద్ద హాలు గోడకు చెమ్మ వచ్చింది. లింగం పోయి, గోడ కొట్టి, చిల్లుపడిన ముక్క కోసి, కొత్త ముక్క వేసి వచ్చాడు. పన్నెండు రోజులకు నడవలో చెమ్మ. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ వేశాడు. సంవత్సరం మారాక పిల్లల గదిలో. అప్పటికి ఇంటి ఆమెకు, అంటే పనివాళ్ళంతా అరబ్బీలో అమ్మా అన్నట్టు పిలిచే మామాకు, లింగం ముఖం కనిపిస్తేనే ఒళ్ళు మండేది. కంపెనీకి ఫోను చేసి గట్టిగా అడిగింది.

కంపెనీలో సూపర్‌వైజరు శివకుమార్ నెల్లూరు మనిషి. మాట మెత్తగా ఉంటుంది, లోపల మేకు ఉంటుంది.

"ఏంది లింగం, జాయింట్లు బిగిస్తుండావా, బొట్టు పెట్టి వస్తుండావా?"

"జాయింటు కాడ కారుతలేదు సార్. నడుమ పడుతున్నది చిల్లు. గిది సూడుండ్రి." సంచీలోంచి కోసిన ముక్కలు తీసి బల్ల మీద పెట్టాడు లింగం. వాటిని హాక్సా బ్లేడుతో నిలువునా చీల్చి తెచ్చాడు. బయట నున్నగా ఉన్న పైపు లోపల ఎర్రటి పొక్కులు, కందిగింజలంతేసి. ఒక్కో పొక్కు కింద సూది దూరేంత గుంట.

"పాత పైపులు. తుప్పు పట్టదా?"

"ఇరవై ఏండ్లల్ల పట్టంది గిప్పుడెందుకు పట్టె సార్? నీళ్ళు మారకపోతే తుప్పు ఆగిపోతది. నీళ్ళల్ల ఉన్న గాలి అయిపోతది గద, ఇగ తినేటందుకు ఏముండది. నీళ్ళు నల్లగైతయి, కంపుకొడుతయి, గని పైపు మంచిగుంటది. ఈ ఇంట్ల పెట్టె మూత తిప్పితే నీళ్ళు తేటగొస్తున్నయి. అంటే కొత్త నీళ్ళు ఎక్కుతున్నయి. పాతయి యాడికో పోతున్నయి."

"ఎక్కడికి?"

"అదే సూడాలె."

శివకుమార్ ముక్కలను బల్ల అంచుకు తోసేశాడు. "చూడు. బాగా చూడు. నీ ఇఖామా నెలాఖరుకు అయిపోతా ఉంది, తెలుసు కదా? కఫీల్ దగ్గరికి కాగితం పోవాలంటే నేను సంతకం పెట్టాల. యాభై దాటినోళ్ళను ఎందుకు పెట్టుకోవాలని పైన అడుగుతా ఉండారు. ఆ విల్లా నుంచి ఇంకొక్క ఫోనొస్తే నా దగ్గర చెప్పే మాట ఉండదు."

ఇక్కడ ఉండనిచ్చే కాగితమే ఇఖామా, దానికి పూచీ పడే అరబ్బు యజమానే కఫీల్. ఇంకో రెండేళ్ళు. లింగానికి కావలసింది అంతే. కూతురు వనిత కరీంనగర్‌లో నర్సింగు రెండో సంవత్సరం చదువుతోంది. ఆ పిల్ల తెల్లకోటు వేసుకుని నిలబడేదాకా ఈ ఎడారిలో నిలబడగలిగితే చాలు. ఆ తర్వాత పంపించినా సంతోషంగా పోతాడు. ఇప్పుడు పంపిస్తే, పంతొమ్మిదేళ్ళ చాకిరీ సగంలో తెగిన పైపులాగే అవుతుంది.

మర్నాడు పొద్దున్నే విల్లా మిద్దె ఎక్కాడు. బాయిలరు పక్కన గుండ్రటి మీటరు, దానికొక ముల్లు. లోపల నీళ్ళు తగ్గితే ముల్లు దిగుతుంది, దిగిన వెంటనే చిన్న వాల్వు ఒకటి దానంతటదే తెరుచుకుని ట్యాంకు నుంచి కొత్త నీళ్ళు తోడుకుంటుంది. సౌకర్యం కోసం పెట్టిన వాల్వు అది. నీళ్ళు పోతున్న సంగతి ఎవరికీ తెలియకుండా దాచిపెట్టేదీ అదే. లింగం ఆ వాల్వు మూసేశాడు. ముల్లు ఉన్న చోట అద్దం మీద పెన్సిలుతో గీత గీశాడు. ఇక లోపలికి చుక్క రాదు. ఎక్కడ కారుతున్నా ముల్లు చెప్పేస్తుంది.

పక్క గది తలుపులోంచి ఒక తల బయటికి వచ్చింది. "ఏమన్నా, దానికేమన్నా జరమొచ్చిందా? గంట నుంచి నాడి పట్టుకోనుండావు!"

ఆమె సిద్ధమ్మ. అన్నమయ్య జిల్లా రాయచోటి వైపు మనిషి. నలభై అయిదుంటాయి. ఆ ఇంట్లో పని మొదలుపెట్టి ఆరేళ్ళు. ఆరు చలికాలాలు ఆ మిద్దె మీదే. గది ముందు పాత నూనె డబ్బాల్లో పుదీనా, కరివేపాకు పెంచుకుంది. బట్టలు ఆరేస్తూనే మాట్లాడుతుంది, మాట్లాడుతూనే మడతపెడుతుంది. తెలుగు వినిపిస్తే ఆమెకు పట్టపగ్గాలుండవు.

"నాడి దొరుకుతలేదు చెల్లె, అదే బాధ," అన్నాడు లింగం.

సాయంత్రం దాకా కూర్చున్నాడు. గీత మీది ముల్లు గీత మీదే ఉంది. జొన్నగింజంతయినా కదల్లేదు. అంటే పైపుల్లో ఎక్కడా చిల్లు లేదన్నమాట. వాల్వు మూసే ఉంచి గదికి పోయాడు. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే ముల్లు అడుగుకు పడి ఉంది.

పగలంతా కారనిది రాత్రికి రాత్రే ఎలా కారుతుంది? గోడలన్నీ తిరిగాడు, చెవి పెట్టాడు, అరచెయ్యి పెట్టాడు. ఎక్కడా చెమ్మ లేదు. తోటలో పైపు దిగే చోట తవ్వి చూశాడు. మోకాళ్ళ దాకా బురదయింది గానీ చుక్క కనపడలేదు. మళ్ళీ మిద్దె ఎక్కి వాల్వు తెరిచాడు. బుస్సుమంటూ నీళ్ళెక్కి ముల్లు గీత దగ్గరికి వచ్చింది. బూట్లు విప్పి గోడకు చేరగిలబడ్డాడు. తొమ్మిది కూడా కాలేదు. శివకుమార్ పదిన్నరకు వస్తానన్నాడు, ఏదో ఒక మాట తేల్చుకోవడానికి.

"ఏమన్నా, అట్ల సల్లబడినావు? ఏమన్నా తింటివా లేదా?"

"తింట తియ్యి."

"తింట తియ్యి అనేటోడు తిననట్టే. సంగటి జేసుండా, ఊరిబిండి ఉండాది. మొన్న మా ఊరామె తెచ్చిన రాగిపిండిలే, అంగట్లో కొనింది గాదు. అయ్యో, ఆ కాళ్ళేంది సామీ, మడి దున్నినావా? కడుక్కో. కాళ్ళు గడుక్కోకుండా మా వాకిట్లో ఎవురూ తినరు. ఉండు, నీళ్ళు తెస్తా."

చలిగాలి ఈడ్చి కొడుతోంది. ఆమె స్టీలు చెంబుతో వచ్చి అతని కాళ్ళ మీద పోసింది. ఒక్కసారిగా పాదాల నుంచి పిక్కల దాకా వెచ్చదనం ఎక్కింది. కళ్ళు మూతపడ్డాయి లింగానికి. పంతొమ్మిదేళ్ళలో ఎంతమంది ఇళ్ళకు పోయాడో లెక్కలేదు. బూట్లకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కోమన్నవాళ్ళే గానీ, కాళ్ళకు ఇన్ని నీళ్ళిచ్చినవాళ్ళు లేరు. ఊళ్ళో తన ఇంటి ముందు భార్య వెంకటవ్వ చెంబు పట్టుకుని నిలబడినట్టనిపించింది.

రెండో చెంబు పోస్తుండగా కళ్ళు తెరిచాడు. ఆ వెచ్చటి నీళ్ళ అడుగున సిమెంటు మీద సన్నటి ఎర్రమరక పారుతోంది.

"చెల్లె, నీ రూముల గీజరున్నదా?"

"గీజరా!" సిద్ధమ్మ పకపకా నవ్వింది. "నాకు గీజరు పెట్టిచ్చేటోళ్ళు యాడన్నా? వచ్చిన సంవత్సరం అడిగితి. రేపు రేపనిరి. సల్లనీళ్ళు పోసుకోని పోసుకోని కీళ్ళు పట్టుకపాయె. నాలుగున్నరకు లేచి తానం జేసి, ఇంత దీపం పెట్టుకోందే కిందికి పొయ్యేది లేదు నేను. ఆ పక్కన ఉండాది సూడు కొళాయి, బాయిలరు అడుగున, దాంట్లో పట్టుకుంటా. ఒక్క బకెట్టు. అంతకంటే చుక్క ఎక్కువ పట్టను. మా పక్క నీళ్ళ ఇలువ నాకు తెలీదా?"

లింగం ఆ కొళాయి వంక చూశాడు.

"ఈ పొద్దు మాత్రం సగం బకెట్టుకే నిలిచిపాయ. ఏందబ్బా అనుకుంటి. ఇప్పుడు మళ్ళీ దూకుతాండాది. నువ్వే బాగుజేసినట్టుండావే! మంచి చెయ్యన్నా నీది."

బాయిలరు ఖాళీ చేసేటప్పుడు వాడే కొళాయి అది. ఏడాదికొకసారి ముట్టుకోవలసింది. ఏళ్ళ తరబడి, చలికాలమంతా రోజుకొక బకెట్టు. ఒక బకెట్టు వేడినీళ్ళు ఇటు వస్తే ఒక బకెట్టు కొత్తనీళ్ళు అటు ఎక్కుతాయి, గాలితో సహా. ఆ గాలి పైపును లోపల్లోపల కొరుకుతుంది. పగలు కదలని ముల్లు తెల్లారేసరికి ఎందుకు పడిందో తేలిపోయింది. ఇన్నాళ్ళూ గోడలకు చెవులు ఆనించాడు గానీ, గోడ పక్కన బతికే మనిషి ఏ నీళ్ళు పోసుకుంటోందని ఒక్కసారీ అడగలేదు.

పెట్టిన సంగటి తిన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని, ఇంకొంచెం ఊరిబిండి పచ్చడి వేసింది.

పదిన్నరకు శివకుమార్ వచ్చాడు. మామా కింద హాల్లో సోఫాలో కూర్చుంది. ఇంటి డ్రైవరు అజ్మతుల్లా, కడప మనిషి, తాళాల గుత్తితో గుమ్మంలో నిలబడ్డాడు. మెట్లు దిగుతూ లింగం చెప్పవలసినవి రెండు మాటలు మనసులో పేర్చుకున్నాడు. ఒకటి, మిద్దె మీద కొళాయిలోంచి రోజూ నీళ్ళు పోతున్నాయి. రెండు, పనామె గదిలో వేడినీళ్ళు లేవు గనుక పోతున్నాయి, అక్కడొక చిన్న గీజరు పెడితే ఈ రోగం పూర్తిగా కుదురుతుంది. రెండూ అరబ్బీలో చెప్పగలడు. పంతొమ్మిదేళ్ళ అరబ్బీ. రెండూ కలిపి చెప్తేనే నిజం.

మొదటిది చెప్పాడు. కొళాయి పేరు, వాల్వు పేరు, పైపు ముక్క చూపించి తుప్పు కథ, అన్నీ చెప్పాడు. జాయింట్ల తప్పు కాదని మరీ మరీ చెప్పాడు. శివకుమార్ ముఖం విప్పారింది.

"ఎవరు పడుతున్నారు నీళ్ళు?" అంది మామా.

లింగం తన కాళ్ళ వంక చూసుకున్నాడు. శుభ్రంగా ఉన్నాయి.

"పనామె," అన్నాడు.

మామా పైపు ముక్క ఒకటి తీసి చూసింది. "ఇంకేమైనా ఉందా?" అని అడిగింది. కోపంగా కాదు, మామూలుగానే. రెండో మాట చెప్పడానికి దారి ఇచ్చినట్టే అడిగింది. శివకుమార్ గడియారం చూసుకున్నాడు. ఆ నెలాఖరు లింగం కళ్ళ ముందు కదిలింది.

"లేదు మామా. ఖలాస్," అన్నాడు.

సిద్ధమ్మను పిలిచారు. చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అడిగితే దాచలేదు. "అవును మామా, రోజూ ఒక బకెట్టు," అంది, అందులో తప్పేముందో తెలియక. మామా అరవలేదు. మూడు గదుల్లో పగిలిన గోడల వైపు వేలు చూపించింది. ఆ మాట ఈ మాట అన్నాక, పదహారేళ్ళ పిల్లకు చెప్పినట్టు, పోయి గదిలో కూర్చోమంది.

సిద్ధమ్మ కదల్లేదు. లింగం వైపు తిరిగింది.

"నీళ్ళు పట్టుకుంటే పైపులకు చిల్లులు పడతాయాన్నా?"

"పడుతయి చెల్లె."

"నాకు తెలీదే. పొద్దున్నే ఆ మాట నాతో అనింటే ఈ పొద్దు నుంచే మానేద్దును గదా." అతని కాళ్ళ వంక చూసింది. "నీ కాళ్ళకు పోసింది గూడా దాంట్లోదే. రెండు చెంబులు. అవి గూడా రాపిచ్చు సారుతో."

తల దించకుండానే మిద్దెక్కి పోయింది.

ఆ మధ్యాహ్నమే లింగం ఆ కొళాయి విప్పి, టెఫ్లాన్ టేపు చుట్టి, ఇనుప బిరడా బిగించాడు. పక్క గది తలుపు మూసి ఉంది. లోపల పెట్టె జిప్పు లాగిన చప్పుడు వినపడింది. చెవి గొప్పదన్నాం కదా, వినపడకుండా ఎలా ఉంటుంది? పానా జారి వేలు చితికింది. ఇంకో రోజయితే అయ్యో అని ఆమె తలుపు తీసేదేమో. ఆ తలుపు తెరుచుకోలేదు.

ఇఖామా వచ్చింది. శివకుమార్ సంతకం పెట్టి, "నీ బుర్ర మామూలు బుర్ర కాదు లింగం," అన్నాడు. వనితకు ఫోన్లో చెప్తే, "నాన్నా, నువ్వు డాక్టర్ లెక్క చేసినవ్ గద, రోగం కనిపెట్టినవ్," అని మురిసింది. వెంకటవ్వ మాత్రం, "అయితే ఆ నీళ్ళు ఎవలు వట్టుకుంటుండ్రు?" అని అడిగింది. "ఎవలో తియ్యి," అన్నాడు.

ఫిబ్రవరిలో అజ్మతుల్లా షువైఖ్‌లో టైర్లు మార్పించుకోవడానికి వచ్చి ఎదురుపడ్డాడు. "సిద్ధమ్మను నాలుగో రోజే తెచ్చిన ఏజెంటు ఆఫీసుకు తిప్పి పంపిరి భాయ్. తెచ్చినోళ్ళు దేశానికి పంపేసినారంట. పొయ్యేటప్పుడు పుదీనా డబ్బాలకు నీళ్ళు పొయ్యమని నాకు చెప్పి పోయింది. నీ మాట ఎత్తలేదు." ఆ చివరి ముక్క చెప్పకపోయినా బాగుండేది. కానీ అతనూ సంవత్సరాల తరబడి ఆమె చేతి టీ తాగినవాడే మరి.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. ఒక పొద్దున శివకుమార్ ఫోను. "లింగం, సుర్రా విల్లా. మళ్ళీ చెమ్మంట, వంటింటి పక్కన."

లింగం మిద్దె ఎక్కాడు. గోడల జోలికి పోలేదు, గీతలు గీయలేదు. తిన్నగా బాయిలరు అడుగుకు వంగి చూశాడు. బిరడా లేదు. దాని చోట కొత్త కొళాయి. దాని కింద ఎర్రమరక పట్టిన బకెట్టు.

వెనక మెట్ల మీద అజ్మతుల్లా. "నేనే తీసినా భాయ్. కొత్తగా వచ్చినామె చలికి వణికి ఏడుస్తాంటే చూడలేకపోతి. గీజరు పెట్టిచ్చమని మామాను అడిగితి. వచ్చే సంవత్సరం చూస్తాంలే అనింది. నువ్వాపొద్దు అడిగింటే పెట్టిచ్చేదేమో. పైపులు తెలిసినోనివి, నీ మాట వినేటోళ్ళు. డ్రైవరు మాట ఎవురింటారు?"

లింగం జేబులో ఫోను మోగింది. శివకుమార్.

"కారణం దొరికిందా?"

"దొరికింది సార్. పనామె రూముల వేడినీళ్ళు లెవ్వు. అదే కారణం. పోయినసారి గూడ అదే."

"అది మనకెందుకు లింగం? గీజర్ల సంగతి మన కాంట్రాక్టులో లేదు. పైపు సంగతి చెప్పు."

"పైపుకు చిల్లు పడ్డది సార్."

"ఆఁ. అది చెప్పు," అని శివకుమార్ పెట్టేశాడు.

పక్క గది తలుపు తెరుచుకుంది. ముప్పై ఏళ్ళుంటాయేమో, వెంకటేశ్వరి అట పేరు, పులివెందుల వైపు. వచ్చి మూడు నెలలయింది. తెలుగు మాట చెవిన పడి పరుగెత్తుకొచ్చినట్టుంది, చెయ్యి ఇంకా తడిగానే ఉంది.

"మనోళ్ళా అన్నా మీరు? ఈ కొంపలో నా మాట ఇనేటోళ్ళే లేకపాయిరి ఇన్నాళ్ళు! రాండి, కూచోండి. కాపీ పెడతా. ఉండండి, ముందు కాళ్ళకు నీళ్ళిస్తా, సలి సంపుతాండాది."

అతను వద్దనేలోపే ఆ కొళాయి తిప్పి చెంబు నింపుకుని వచ్చింది. చెంబు మూతి మీద ఆవిరి లేస్తోంది.

లింగం బూట్లు విప్పలేదు.

"వద్దమ్మా. కాళ్ళు మంచిగనే ఉన్నయి."

"ఏమన్నా, మా చేతి నీళ్ళు పనికిరావా?" అంది నవ్వుతూనే. నవ్వు సగంలో ఆగిపోయింది. కాసేపు చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. ఆవిరి తగ్గింది. పారబోయడానికి మనసొప్పక, చల్లారిన ఆ నీళ్ళను సిద్ధమ్మ పుదీనా డబ్బాలో వంపింది.

లింగం సంచీలోంచి పానా, ఇంకో ఇనుప బిరడా తీసి, బాయిలరు అడుగుకు వంగాడు.